ఆరంభశూరత్వము

ప్రతి సంవత్సరమును బడి తెరచిన మొదటి వారమున మన విద్యార్థుల సంచులు చూచుట నాకొక వేడుక. క్రొత్త నోటుపుస్తకములు, వాటికి ఖాకీ కాగితపు అట్టలు, అట్టలపై చక్కని తెలుగు అక్షరములలో పేరు, తరగతి, పాఠ్యవిషయము. మొదటి పుటలో శ్రీకారము. రెండవ పుటలోని అక్షరములు ముత్యములవలె నుండును. మూడవ పుటకును వంక పెట్టుటకు లేదు. పదునైదవ పుట దాటినపిదప అక్షరములు ప్రక్కకు వాలుట మొదలిడును. ముప్పదవ పుట నాటికి ఇంటిపని కంతటికిని "రేపు చూపిస్తానండి" అను ఒక్క మాటయే సమాధానమగును. సంవత్సరాంతమున ఆ పుస్తకమునే మరల తెరచినచో వెనుక సగము తెల్లగా నుండును. ఆ తెల్లకాగితములను చింపి చిత్తుపుస్తకము కుట్టుకొను తెలివి మాత్రము మన పిల్లలకు పుష్కలముగా కలదు.

ఈ గుణమునకు మన భాషలో చక్కని పేరొకటి యున్నది: ఆరంభశూరత్వము. ఆంధ్రులు ఆరంభశూరులని ఒక వాడుక పుట్టి, దానిని పరులకంటె మనమే ఎక్కువగా చెప్పుకొని నవ్వుకొనుచుందుము. నాకు ఆ నవ్వు సమ్మతము కాదు. ఒక జాతికంతకును పుట్టుకతో వచ్చు సోమరితన మనునది లేదు. ఆరంభమున ఉప్పొంగి పిమ్మట చల్లారుట మనుష్యమాత్రు లందరికిని ఉన్నదే. ఒడియా బడిలోని పుస్తకములును వెనుక సగము తెల్లగానే యుండునని అచ్చటి ఉపాధ్యాయ మిత్రులొకరు నాతో చెప్పియున్నారు. అయితే వారికిని మనకును ఒక భేదము కలదు. వారి పిల్లలు పుస్తకములో వదలిన దానిని వీధి పూరించును. మన పిల్లలు వదలిన దానిని పూరించువారు లేరు.

తెలుగు జిల్లాలలో చదువు బాలుడు తెలుగును బడిలో కొంత, బజారులో కొంత నేర్చును. అతడెంత సోమరియైనను దుకాణపు పేరుపలక వానికి అక్షరమును జ్ఞాపకము చేయును. బస్సుపై వ్రాసిన ఊరిపేరు వానిచే చదివించును. గోడకంటించిన సినిమా ప్రకటన ఒత్తులను గుణింతములను నేర్పును. మన బరంపురములో తెలుగు మాట బజారున వినబడును గాని తెలుగు అక్షరము కనబడుట అరుదు. పేరుపలకలు, బ్యాంకు కాగితములు, ఆసుపత్రి చీటీలు అన్నియు ఒడియాలోనో ఇంగ్లీషులోనో యుండును. కనుక మన బాలుని ఉత్సాహము ఒక నెల చల్లారినచో ఆ నెలంతయు వాని తెలుగు చదువునకు ఉపవాసమే. ఏటివాలున పోవు దుంగ ఈదకున్నను ముందుకు సాగును. ఎదురీదువాడు చేతులాపిన క్షణముననే వెనుకకు పోవును. మన విద్యార్థి ఎదురీదువాడు. పైగా తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు అను నాలుగు భాషలను, నాలుగు లిపులను వీపున కట్టుకొని ఈదవలసినవాడు. అట్టివానికి ఉత్సాహ మొక్కటియే చాలునని చెప్పుట వానిని మోసగించుటయే యగును.

ఉత్సాహము పండుగకు వచ్చు అల్లునివంటిది. వచ్చినపుడు ఇల్లంతయు సందడి, పిండివంటలు, నవ్వులు. మూడవనాడు పెట్టె సర్దుకొని వెడలిపోవును. ఇల్లు నడుపునది అల్లుడు కాడు. తెల్లవారుజామున లేచి వాకిట నీళ్లు చల్లు ఇల్లాలు. ఆమెను చూచి ఎవరును చప్పట్లు కొట్టరు. నియమమనునది ఆమెవంటిది.

ఇటీవల మన విద్యార్థులలో కొందరు సెల్‌ఫోనులో ఉత్తేజకరములగు ప్రసంగములను వినుచున్నారు. పదవ తరగతి బాలుడొకడు పరీక్షలకు నెల ముందు ప్రతిరాత్రియు అట్టి ప్రసంగమును అరగంట విని, "మాస్టారూ, అది వింటుంటే కొండనైనా పిండి చేసేస్తాననిపిస్తుందండి" అనెను. "పిండి చేశావా?" అని అడిగితిని. "విన్నాక నిద్రొచ్చేస్తుందండి" అనెను. ఆ బాలుని నిజాయితీని నేను మెచ్చుకొంటిని. ప్రసంగకర్తను తప్పుపట్టను, ఆయన పని ఆయన చేసెను. అయితే ఆకలిగొన్నవాడు పాకశాస్త్రమును విని, కడుపు నిండినదనుకొని పరుండుట వంటిది ఈ వ్యవహారము. విన్న అరగంటయు ఒక లెక్క చేసియున్నచో నెలకు ముప్పది లెక్కలు పూర్తియగును గదా!

దృష్టాంతమునకు దూరము పోనక్కరలేదు. మన పొరుగుననే పర్లాకిమిడి యున్నది. అచ్చటి రాజావారి పాఠశాలకు 1880లో ఇంచుమించు పదునేడేండ్ల ప్రాయపు యువకుడొకడు ఉపాధ్యాయుడై వచ్చెను. ఆయనయే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళ ప్రాంతమున పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా వారిని ఎల్లరును ఎరుగుదురు; వారి జన్మదినమును మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆ మహనీయుని గూర్చి గ్రాంథికమున వ్రాయుచున్నందుకు వారే యుండినచో నా చెవి మెలిపెట్టెడివారు. మన పత్రిక సంప్రదాయమని క్షమింతురు గాక. నేనిచ్చట చెప్పదలచినది వారి భాషోద్యమమును గూర్చి కాదు, సవర భాషలో వారు చేసిన కృషిని గూర్చి.

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో సవరలు నివసింతురు. వారి భాష ముండా కుటుంబమునకు చెందినది; తెలుగుతోగాని ఒడియాతోగాని దానికి చుట్టరికము లేదు. నాడు ఆ భాషకు లిపి లేదు. నేర్చుకొనవలెనన్న వాచకము లేదు. ఆ కొండవారి బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనన్న కోరిక రామమూర్తిగారికి కలిగినది. అంతవరకును అది ఉత్సాహమే, కాదనను. అట్టి కోరికలు కలిగినవారు ఆనాడును మరికొంద రుండియుందురు. వారు చేసిన పని యేమనగా, తెలుగును సవరయు రెండును తెలిసిన మనిషి నొకనిని తమ ఇంటనే యుంచుకొని, మాట వెంట మాటగా ఆ భాషను నేర్చుకొనుట. పగలు బడిలో పాఠములు చెప్పవలెను, సంసారము నడుపవలెను. మిగిలిన వేళలలో ఈ పని. కొండలకు పోవుట, జ్వరము తెచ్చుకొనుట, మరల పోవుట. ఆ మలేరియాకు క్వినైను వాడగా వాడగా వారి వినికిడి దెబ్బతినెను. చెవితో భాష నేర్చుకొనువానికి చెవి పోవుట యనిన ఏమో యోచింపుడు. నేత్రములు పోయిన చిత్రకారుడు కుంచె పారవేసిన ఎవరైనను తప్పు పట్టుదురా? వారు పని మానలేదు. సవర భాషలో పుస్తకములు వ్రాసిరి. సొంత సొమ్ము వెచ్చించి సవర పిల్లలకు బడులు పెట్టిరి.

వారు రచించిన సవర భాషా వ్యాకరణము 1931లో అచ్చయ్యెను. పని మొదలిడినది మొదలు అప్పటికి ముప్పది యేండ్లు దాటినవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి అందులో చేరెను. ఆ ఏర్పాటు వారికి సమ్మతము కాలేదు. డెబ్బది రెండవ యేట, జీవితమంతయు గడపిన ఊరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. మనసు విరుగుటకు అంతకంటె కారణ మేమి కావలయును? అయినను సవర–ఇంగ్లీషు నిఘంటువు ఆగలేదు. అది 1938లో వెలువడెను. అప్పటికి వారికి డెబ్బదియైదేండ్లు. 1940 జనవరి 22న కన్నుమూసిరి.

నిఘంటువును నేను ప్రత్యేకించి చెప్పుటకు కారణము కలదు. గ్రంథము లన్నింటిలోను ఉత్సాహమునకు చోటు లేనిది నిఘంటువే. కావ్యము వ్రాయువానికి ఒక రసవద్ఘట్టము రాగానే కలము పరుగెత్తును. నిఘంటువులో ఘట్టములు లేవు. మొదటి మాటకెంత శ్రమయో కడపటి మాటకు నంతయే శ్రమ. వినవలెను, వ్రాయవలెను, అర్థమడుగవలెను, మరియొకరితో సరిచూడవలెను. పిమ్మట రెండవ మాట. ఇట్టి పనిని ఉప్పొంగిన గుండెతో ఒక వారము చేయవచ్చును. ముప్పదియేండ్లు చేయవలెనన్నచో భోజనమువలె, స్నానమువలె అది దినచర్యలో నొక భాగము కావలెను. ఇంకొక సంగతి. మనకంటెను అల్పసంఖ్యాకులగు వారి భాషకొరకు ఒక తెలుగు బడిపంతులు ఇంత చేసెను. బిడ్డ తన తల్లిభాషలో చదువుకొనవలెనన్న ఆ తలంపుమీదనే మన ఈ బడియును నిలిచియున్నది.

"ఆయన మహానుభావుడండీ, మావల్ల అవుతుందా?" అని మీరందురు. సరే, మహానుభావులను ప్రక్కన నుంచుదము. మన విద్యార్థులలో పట్టునేత కుటుంబముల బిడ్డలు అనేకులు. మీ నాయనగారు ప్రొద్దున గుంటలో కాళ్లుంచి మగ్గముకడ కూర్చుండునపుడు, "నేడు నాకు ఉత్సాహము కలుగునా?" అని తమ్ము తామడిగికొందురా? పడుగు ఎక్కినది, పేక నేయవలెను. నాడె ఒకసారి ఇటునుండి అటు పోయిన ఒక్క పోగు. తిరిగివచ్చిన మరియొక పోగు. రెండు పోగులను చూచి చీర యని ఎవరైన అందురా? అనరు. అయినను చీర యనునది ఆ పోగులు తప్ప వేరేమియు కాదు. మగ్గములు తగ్గిపోవుచున్నవనియు, మీలో పలువురు ఆ వృత్తికి రారనియు నాకు తెలియును. వృత్తి రాకున్నను ఆ కూర్చుండుట వచ్చిన చాలును.

ఇక నా సంగతి. ఉపదేశించువాడు తన లెక్క కూడ చూపవలెను గదా. ఉద్యోగమున చేరిన క్రొత్తలో నాకు ఒడియా మాట వచ్చును గాని లిపి రాదు. ఒక ఉగాదినాడు, ఏడాదిలో ఒడియా దినపత్రిక ధారాళముగ చదువగలుగుదునని శపథము పట్టితిని. వర్ణమాల పుస్తకము, మూడు నోటుపుస్తకములు, రెండు రంగుల సిరాలు కొంటిని. మొదటినాడు మూడు గంటలు కూర్చుంటిని. రెండవనాడు రెండు గంటలు. నాలుగవనాడు చుట్టములు వచ్చిరి. పక్షము తిరుగకుండ పుస్తకము అటక యెక్కెను. మరుసటి ఉగాదికి దానిని దింపితిని. దుమ్ము దులుపుటలో నొక పూట గడచెను. ఈ విధముగ మూడు ఉగాదులు గడచినవి. పిమ్మట ఒకనాడు ఒక కార్యాలయమున నా చేతికి ఒడియాలో నున్న కాగిత మొకటి యిచ్చి సంతకము చేయుమనిరి. అందేమున్నదో నాకు తెలియదు. ప్రక్కన నిలచిన పదునాలుగేండ్ల బాలుడు, నా విద్యార్థియే, దానిని చదివి నాకు అర్థము చెప్పెను. వాడు ఎంతయో వినయముగా చెప్పెను. అదియే నన్ను మరింత బాధించినది.

ఈసారి శపథము పట్టలేదు. సాయంకాలము టీ త్రాగుటకు ముందు నిన్నటి ఒడియా పత్రికనుండి ఐదు పంక్తులు చూచి వ్రాయవలెను, పైకి చదువవలెను. అవి కానిదే టీ లేదు. ఈ నియమమును మా ఇంటివారికి చెప్పి వారి వశము చేసితిని. వారు నాకంటె కఠినులు. నాకు తలనొప్పిగా నున్ననాడు కూడ ముందు కాగితము చూచి పిమ్మటనే గ్లాసు ఇచ్చెడివారు. ఐదు పంక్తులకు మొదట అరగంట పట్టెడిది, తరువాత పావుగంట. ఎప్పుడు వచ్చినదో తెలియకుండగనే లిపి వచ్చినది. ఆనాడు నేను మొదటి దినమున కూర్చున్న మూడు గంటలను ఇప్పుడు తలచుకొన్న నవ్వు వచ్చును. అది ఉత్సాహమనుకొంటిని, అందు సగము గర్వము. చిన్న నియమమును పెట్టుకొనుటకు మనకు నామోషి. పెద్ద శపథము పట్టిన నలుగురు మెచ్చుకొందురు. ఆ మెప్పు ముందే అందును గనుక పని చేయనవసర ముండదు.

చిన్నదని నేను చెప్పునది ఎంత చిన్నదో లెక్క వేయుడు. దినమునకు 15 నిమిషములైన సంవత్సరమునకు 91 గంటలు. దినమునకు ఐదు మాటల చొప్పున నేర్చిన ఏడాదికి 1,825 మాటలు. ఈ గుణకారము నాలుగవ తరగతి పిల్లవానికిని వచ్చును. నమ్మకము కుదురుటయే కష్టము.

అలవాటు కుదురుటకు ఎన్నినాళ్లు పట్టునని లండను యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పన్నెండు వారములు పరిశీలించిరి. ఆ ఫలితములు 2010లో అచ్చయినవి. రోజుకొక చిన్నపని, ఒకే సందర్భమున, తమంతట తాము చేయవలెను. అది ప్రయత్నము లేకుండ జరుగు స్థితికి వచ్చుటకు నడితరముగా 66 దినములు పట్టునని వారి అంచనా. అయితే ఒకరికి 18 దినములే పట్టగా, మరియొకరికి 254 దినములు పట్టునని లెక్క తేలినది. ఆ పరిశోధనలో నాకు మిక్కిలి నచ్చిన అంశము వేరొకటి. నడుమ ఒకనాడు తప్పినంత మాత్రమున అలవాటు చెడిపోలేదట. మనవారు శపథమును కుండవంటిదిగా భావింతురు. ఒక్క పగులుకు కుండ పోయినదని పారవేయుదురు. నియమము కుండ కాదు, కాలిబాట. ఒకనాడు నడువకున్న అది చెరగదు. నెల నడువకున్న గడ్డి మొలచును.

ఇచ్చట తల్లిదండ్రులతో కొంచెము నిష్ఠురముగా మాటలాడవలసియున్నది. నియమమనగానే మీలో కొందరికి బెత్తము జ్ఞాపకమునకు వచ్చును. బెత్తమునకు వెరచి చదువువాడు బెత్తము లేనినాడు చదువడు. నేను చెప్పునది బిడ్డ తనకు తాను పెట్టుకొన్న నియమము. దానిని మీరు పెట్టజాలరు, కాని చెడగొట్టగలరు. పిల్ల పుస్తకము తీసిన వేళకే అంగడికి పంపుట, టీవీ పెట్టుట, చెల్లెలి నెత్తుకొమ్మనుట. ఆడపిల్లల విషయమున ఇది మరియు ఎక్కువ. నీళ్లు, వంట, చిన్నపిల్లలు అన్నియు ముగిసిన తరువాత మిగిలిన కునికిపాటు వేళ ఆమె చదువునకు దక్కును. అట్టి బాలికకు పట్టుదల లేదని నిందించుట అన్యాయము. ఆమెకు కావలసినది ఉపదేశము కాదు, ఎవరును పిలువని ఒక అరగంట.

రెండవది, మీ ఆరంభశూరత్వము. మాతృభాషపై ఆవేశముతో బిడ్డను తెలుగు బడిలో చేర్చుదురు. ఏడాది తిరుగక మునుపే "ఈ తెలుగు ఎందుకు పనికొస్తుందండీ?" అని అడుగుదురు. ప్రశ్న సరియైనదే, చేర్చుటకు ముందు వేయవలసిన ప్రశ్న. బాగుగా విచారించి ఇంగ్లీషు బడికి పంపినచో నేను కాదనను. కాని ప్రతి పరీక్షా ఫలితము రాగానే బిడ్డ యెదుటనే ఆ తగవును మరల మొదటినుండి ఎత్తుకొన్నచో, ఆ బిడ్డ ఏ నియమమును నమ్మును? ఏటేట మన తరగతులలో ఖాళీ బల్లలు పెరుగుచున్నవి. తెలుగును ద్వేషించి వెళ్లినవారు వారిలో ఒక్కరును లేరు. అందరును దానిని ప్రేమించి వెళ్లినవారే.

ఎనిమిదవ తరగతి బాలిక యొకతె నిరుడు నాకొక నోటుపుస్తకము చూపెను. బడి పుస్తకము కాదు. ప్రతిరాత్రియు భోజనమైన పిదప తన నాయనమ్మ ప్రక్కన కూర్చుండి, ఆమె చెప్పిన మాటలు ఐదు పంక్తులు వ్రాసికొనుచున్నదట. ఎవరు చెప్పిరని అడిగితిని. ఎవరును చెప్పలేదట, నాయనమ్మకు చదువు రాదు గనుక, ఆమె మాటలు ఎక్కడను లేవని తోచినదట. చింతకాయ పచ్చడి చేయు విధము, మామగారి కాలపు కరవు, అల్లిక మాటలు, తిట్లు కూడ నున్నవి. అక్షరములు గొప్పగా లేవు. మొదటి పుట ఎట్లున్నదో నూరవ పుటయు అట్లే యున్నది. నడుమ ఒక పుటలో మాత్రము ఒక్క పంక్తియే కనబడెను: "ఈ రోజు ఠాకురాణి యాత్ర. నాయనమ్మ ఘటాలు చూడడానికి వెళ్లింది, దొరకలేదు." మరునాటి తేదీ క్రింద మరల ఐదు పంక్తులు. నాడె అనగానేమి, కండె అనగానేమి, పడుగు తెగిన ఎట్లు అతుకవలెను.